ఒక్క అక్షరం తప్పిన దీవి

పడవ ముందున్న ఇనుప పలక గొలుసుల మీద కిర్రుమంటూ దిగి, నీళ్లలోకి జారిన సిమెంటు వాలు మీద ఆనింది. రేవు అనదగ్గది అంతే. అల వెనక్కి లాగిన క్షణంలో నాలుగడుగులు గబగబా వేసి గట్టెక్కాలి. నేను మూడో అడుగులో ఉండగానే నీళ్లు తిరిగొచ్చాయి. బూట్లు తడిసిపోయాయి. "బూట్ల సంగతి తర్వాత చూద్దాం మావయ్యా, ముందు ఆ సంచీ ఎత్తి పట్టుకో, నోటుబుక్కులున్నాయి" అని వెనక నుంచి అరిచింది మా మేనకోడలు. సంచీ భుజం మీదికెత్తి ఒడ్డుకొచ్చాను. అలా అడుగుపెట్టాను అయోనా దీవిలో.

తను స్కాట్లాండులోని గ్లాస్గోలో చదువుకుంటోంది. నేను చూడటానికి వెళితే కోటలూ కొండలూ చూపిస్తానంది. నాకు మాత్రం ఎప్పటినుంచో ఈ ఒక్క చోటు మీదే గురి. పొద్దున గ్లాస్గోలో రైలెక్కితే మూడు గంటలకు ఓబన్ రేవు పట్టణం. అక్కడ పెద్ద ఓడెక్కితే ముప్పావు గంటకు మల్ దీవి. మల్‌ను అడ్డంగా దాటడానికి బస్సు, 60 కిలోమీటర్ల దాకా. దారంతా ఒక్క బండి పట్టే రోడ్డే. ఎదురుగా మరో బండి వస్తే ఎవరో ఒకరు పక్కన వదిలిన జాగాలోకి తప్పుకుంటారు. రెండోవాళ్లు చెయ్యెత్తి పలకరించి సాగిపోతారు. రోడ్డు సముద్రంలో ముగిసే చోటు ఫినఫోర్ట్. అక్కడి నుంచి ఒకటిన్నర కిలోమీటరు జలసంధి మీద చిన్న పడవ, పది నిమిషాలు. బయటివాళ్ల కార్లు ఒడ్డునే ఆగిపోవాలి.

దీవి పొడవు 5 కిలోమీటర్లు. అడ్డంగా నడిస్తే అరగంట చాలు. అన్నిటికంటే ఎత్తయిన గుట్ట 100 మీటర్ల చిల్లర. ఊరు ఒక్కటే. జనం 170 పైచిలుకు. ఏటా లక్ష మందికి పైగా వచ్చిపోతారు కాబట్టి మధ్యాహ్నం పూట వీధి తీర్థంలా ఉంటుంది. సాయంత్రం ఆఖరి పడవ వెళ్లిపోయాక మిగిలేది గొర్రెలూ గాలీ ఊరివాళ్లూ. అందుకే ఇక్కడ రెండు రాత్రులైనా ఉండాలని నా సలహా. ఒక పూటలో చుట్టి వెళ్లిపోయేవాళ్లు రాళ్లు చూస్తారు, దీవిని చూడరు.

పేరు సంగతి

ఊరివాళ్ల గేలిక్ భాషలో ఈ దీవి పేరు ఒక్క అక్షరం. 'ఈ'. మన దీర్ఘ ఈకారమే. లాటిన్‌లో రాసిన పాత సన్యాసులు దానికి తోకలు తగిలించి 'ఇయోవా దీవి' అన్నారు. లాటిన్ చేతిరాతలో 'యు' అక్షరమూ 'ఎన్' అక్షరమూ కవలల్లా ఉంటాయి. మన 'ప', 'వ' తొందరలో రాస్తే ఎలా కలిసిపోతాయో అలాగన్నమాట. తర్వాతి కాలంలో ఎవరో లేఖరి 'యు'ని 'ఎన్'గా చదివి రాశాడు. ఆ రాతను చూసి ఇంకొకరు రాశారు. అలా ఇయోవా కాస్తా అయోనా అయింది.

వందల ఏళ్లపాటు గ్రంథాలకు ప్రతులు రాయడమే పనిగా బతికిన దీవికి, ప్రతి రాయడంలో దొర్లిన తప్పే పేరై నిలిచింది. అది తెలిశాకే ఈ దీవి మీద నాకు మమకారం పుట్టింది.

మా అమ్మమ్మగారింట్లో అటక మీద తాటాకుల కట్టలుండేవి. మా ముత్తాత రాసిన భాగవతం ప్రతి అని చెప్పేవారు. దసరాలకు దింపి, దుమ్ము దులిపి, నూనె పూసి, కాటుక మసి పామితే, అప్పటిదాకా కనబడని గంటపు గీతల్లోకి నలుపు దిగి అక్షరాలు లేచి వచ్చేవి. చివరి ఆకులో ఆయన ఒక విన్నపం చేసుకున్నాడు. తప్పులుంటే మన్నించి, తెలిసిన పెద్దలు దిద్దుకోమని. మన లేఖరుల్లో చాలామంది రాసిన మాటే అది. అప్పట్లో నాకది మర్యాద కోసం రాసిన మాటగా అనిపించింది. దాని బరువు ఈ దీవికి వచ్చాక తెలిసింది.

గుట్ట మీద గుడిసె

ఈ దీవిలో మఠం పెట్టిన సన్యాసి కొలంబా ఐర్లాండు మనిషి. 521లో డోనెగల్ ప్రాంతంలో, రాజవంశంలో పుట్టాడు. గేలిక్‌లో ఆయన్ను కొలుం కిల్లె అంటారు, చర్చి పావురం అని అర్థం. 563లో, నలభై రెండేళ్ల వయసులో, పన్నెండుమంది సహచరులతో సముద్రం దాటి ఇక్కడికి వచ్చాడు. ఎందుకొచ్చాడన్న దానికి ఒక కథ ఉంది. గురువు ఫినియన్ దగ్గరున్న కీర్తనల గ్రంథాన్ని కొలంబా రాత్రిళ్లు గుట్టుగా రాసుకున్నాడట. గురువుకు తెలిసింది. ప్రతి ఎవరిదన్న తగువు రాజు దగ్గరికి పోయింది. ఆవు ఎవరిదైతే దూడా వారిదే, గ్రంథం సంగతీ అంతేనని రాజు తీర్పు చెప్పాడట. కొలంబా ఒప్పుకోలేదు. 561లో కూల్ డ్రెవ్నె దగ్గర యుద్ధం జరిగింది. ఆ చావుల పశ్చాత్తాపంతోనే దేశం విడిచాడంటారు. యుద్ధం జరిగిన మాట చరిత్రే. దానికి గ్రంథం కారణమన్నది వందల ఏళ్ల తర్వాత అల్లుకున్న కథ. అయినా ఒక పుస్తకం ప్రతి కోసం రాజ్యాలు కొట్టుకున్నాయని నమ్మిన జనం పుస్తకాన్ని ఎంత విలువగా చూసి ఉంటారు!

మఠం పడమటి వాకిలికి ఎదురుగా ఒక రాతి గుట్ట ఉంది. టోర్ అన్ అబా, మఠాధిపతి గుట్ట అని. మఠం చూడటానికి వచ్చినవాళ్లలో చాలామంది దాన్ని పట్టించుకోకుండా పక్కనుంచే పోతారు. మేము ముందు దాన్నే ఎక్కాం. పైన గడ్డి, నాచు పట్టిన బండ, నలుగురు కూర్చునేంత చోటు. కొలంబా ఎత్తయిన చోట గుడిసెలో కూర్చుని రాసుకునేవాడని ఆయన చరిత్ర రాసిన అడమ్నాన్ చెప్పాడు. 1957లో చార్లెస్ థామస్ అనే పురావస్తు పరిశోధకుడు ఇక్కడ తవ్వితే హేజెల్ కొమ్మలతో అల్లిన కట్టడం కాలిపోయిన బొగ్గు దొరికింది. కాలనిర్ణయ పద్ధతులు అప్పటికి పక్వానికి రాలేదు. ఆయన ఆ బొగ్గును అగ్గిపెట్టెల్లో పెట్టి దాచుకున్నాడు. అవి కార్న్‌వాల్‌లో ఆయన గ్యారేజీలో దశాబ్దాలు ఉండిపోయాయి. చివరికి గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటిని పరీక్షించి 2017లో ఫలితం చెప్పారు. ఆ బొగ్గు 540కీ 650కీ మధ్యది. కొలంబా పోయింది 597లో. ఆ గుడిసె ఆయనదే అనడానికి ముద్రేసిన పత్రం ఎవరూ ఇవ్వలేరు. కానీ ఆయన ఉన్న కాలంలో, ఆయన కూర్చున్నాడని చెప్పిన చోట గుడిసె ఉంది. నాకు అది చాలు. తడి బండ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఆయన ఆఖరి రోజు గురించి అడమ్నాన్ రాసింది చదివితే కళ్లు చెమరుస్తాయి. శనివారం. ధాన్యపు కొట్టును చూసి వస్తూ అలసి దారిపక్కన కూర్చున్నాడు. పాల కుండలు మోసే తెల్ల గుర్రం వచ్చి ఆయన ఒడిలో తల పెట్టి కన్నీళ్లు కార్చిందట. తోలేయబోయిన శిష్యుణ్ణి ఆయన వారించాడు. తర్వాత గుడిసెకు వచ్చి కీర్తనల గ్రంథానికి ప్రతి రాస్తూ కూర్చున్నాడు. 34వ కీర్తనలో, దేవుణ్ణి వెదికేవారికి ఏ మేలూ కొదువ కాదన్న చరణం దగ్గరికొచ్చేసరికి పుట నిండింది. ఇక్కడితో ఆపుతాను, మిగిలింది బైతేన్ రాస్తాడు అన్నాడు. ఆ అర్ధరాత్రి ప్రార్థన గంటకు అందరికంటే ముందు చర్చికి పోయి, బలిపీఠం ముందు ఒరిగిపోయాడు. ఆ తర్వాత మఠాధిపతి అయింది బైతేనే.

ఆ బైతేన్ మీద ఇంకో చిన్న ముచ్చట ఉంది. తాను రాసిన కీర్తనల ప్రతిని తప్పుల కోసం ఎవరైనా సరిచూస్తే బాగుండునని ఒకనాడు కొలంబాను అడిగాడు. ఎందుకు, అందులో ఏ తప్పూ లేదు, ఒక్క 'ఐ' అక్షరం మాత్రం పడిపోయింది అన్నాడట కొలంబా, పుస్తకం తెరవకుండానే. అడమ్నాన్ దీన్ని మహిమగా రాశాడు. నేను దీన్ని మఠం పని పద్ధతికి సాక్ష్యంగా చదువుకున్నాను. గ్రంథమంతటికీ ఒక్క అక్షరం పోవడం కూడా వాళ్లకు చెప్పుకోదగ్గ సంగతే. పైగా పోయిన ఆ అక్షరమే గేలిక్‌లో దీవి పేరు. ఇది నేను ముడిపెట్టుకున్న సంగతే తప్ప ఎవరూ చెప్పింది కాదు.

అడమ్నాన్ తొమ్మిదో మఠాధిపతి. కొలంబా పోయిన వందేళ్లకు ఆయన చరిత్ర రాశాడు. 697లో ఒక ధర్మశాసనం కూడా చేయించాడు. యుద్ధాల్లో స్త్రీలనూ పిల్లలనూ మతాచార్యులనూ ముట్టుకోకూడదని. ఐర్లాండు రాజులూ స్కాట్లాండు రాజులూ పదుల సంఖ్యలో దానికి పూచీపడ్డారు. ఇంతటి మనిషి తన పుస్తకం చివర ప్రత్యేకంగా అడిగింది ఏమిటి? దీన్ని ఎత్తి రాసుకునేవాళ్లు జాగ్రత్తగా రాశాక, మూలంతో పోల్చి తప్పులు దిద్దమని. మా ముత్తాత తాటాకు మీద రాసుకున్నదీ అదే. ఆ పుస్తకానికి దొరికినవాటిలో పాత ప్రతిని ఈ దీవిలోనే డోర్బెనె అనే లేఖరి రాశాడు. ఆయన 713లో పోయాడు. ఆ ప్రతి ఇప్పుడు స్విట్జర్లాండులో షాఫ్‌హౌసెన్‌లో ఉంది.

కత్తికి బదులు

పడవ దిగిన చోటికి దగ్గర్లోనే ఒక చిన్న ఇసుక తీరం. ఇసుక తెల్లగా, నీళ్లు పచ్చల రంగులో. అమరుల తీరం అని పేరు. 795లో వైకింగుల ఓడలు మొదటిసారి ఈ దీవి మీద పడ్డాయి. 802లో మళ్లీ వచ్చి మఠాన్ని తగలబెట్టాయి. 806లో 68 మందిని చంపాయి. ఇంత చిన్న దీవిలో 68 మంది అంటే ఊరు ఊరంతా పోయినట్టే. బతికినవాళ్లలో కొందరు ఐర్లాండు లోపలి కెల్స్‌కు తరలిపోయి అక్కడ కొత్త మఠం కట్టుకున్నారు. అప్పటికీ కొందరు ఇక్కడి నుంచి కదల్లేదు. 825లో బ్లాత్మక్ అనే సన్యాసి కొలంబా అస్థికలు ఎక్కడ దాచారో చెప్పనన్నందుకు బలైపోయాడు.

ప్రపంచంలో చేతిరాత గ్రంథాల మాటొస్తే ముందు వినబడే పేరు కెల్స్ గ్రంథం. 800 ప్రాంతంలో రాసిన నాలుగు సువార్తల ప్రతి. 680 పుటలు, అన్నీ దూడ చర్మం మీద. అది మొత్తంగానో కొంతగానో అయోనాలోనే తయారై, దాడుల తర్వాత కెల్స్ చేరిందని పండితుల్లో ఎక్కువమంది నమ్మకం. 1007లో దాన్నెవరో దొంగిలించి, బంగారు అట్ట పీక్కుని, పుస్తకాన్ని మట్టిగడ్డ కింద వదిలేసి పోయారు. నెలల తర్వాత దొరికింది. ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఉంది.

ఆ గ్రంథంలోనూ తప్పులున్నాయి. ఒక పుట రెండుసార్లు రాసేశారు. గీకి పారేయకుండా, ఆ పుటకు చిన్న శిలువ గుర్తులు పెట్టి వదిలారు. ఇంకో తప్పు మత్తయి సువార్తలో. నేను శాంతిని తేవడానికి రాలేదు, ఖడ్గాన్ని తేవడానికి వచ్చానని క్రీస్తు అనే చోట, ఖడ్గానికి లాటిన్ మాట 'గ్లాదియుం'. కెల్స్ లేఖరి 'గౌదియుం' అని రాశాడు. అంటే ఆనందం. మన లిపిలో రాస్తే ఒక అక్షరం తేడా. అది పొరపాటో, చెయ్యి తనకు తానే అలా తిరిగిందో తెలిసేదెలా? తోటివాళ్లు కత్తులకు బలైన కాలమది. ఆ కాలపు పుస్తకంలో కత్తి ఉండాల్సిన చోట ఆనందం కూర్చుని ఉంది. ఈ సంగతి మేనకోడలికి ఆ ఇసుకలో నిలబడే చెప్పాను. తను చాలాసేపు మాట్లాడలేదు. "దిద్దకపోవడమే మంచిదైంది మావయ్యా" అంది చివరికి.

రాళ్లు, రాజులు, రోజుకూలీలు

ఇప్పుడు కనబడే మఠం కొలంబాది కాదు. ఆయన కాలపు కట్టడాలన్నీ కొయ్యవీ కొమ్మలవీ. 1200 ప్రాంతంలో, ఈ దీవులను ఏలిన సోమర్లెడ్ కొడుకు రానల్డ్ బెనెడిక్టు సన్యాసులను రప్పించి రాతి మఠం కట్టించాడు. అదే సమయంలో సన్యాసినులకూ ఒక మఠం వెలిసింది. అది ఇప్పుడు పైకప్పు లేని గులాబీరంగు రాతి గోడలు, గోడ సందుల్లో పూల మొక్కలు. దీవిలో అందరూ వచ్చి ఊరికే కూర్చునే చోటు అదే.

మఠం ముందు సెయింట్ మార్టిన్ శిలువ 8వ శతాబ్దం నుంచీ నిలబెట్టిన చోటే నిలబడి ఉంది. పక్కనున్న శ్మశానంలో 48 మంది స్కాట్లాండు రాజులున్నారని, షేక్‌స్పియర్ నాటకంలో హతుడైన డంకన్, అతణ్ణి చంపిన మాక్‌బెత్ కూడా ఇక్కడే నిద్రపోతున్నారని చెబుతారు. ఆ లెక్క 1549లో ఒక మతాధికారి రాసింది. చరిత్రకారులు దాన్ని అంతగా నమ్మరు. నాకూ రాజుల మీద పెద్ద ఆసక్తి లేదు.

నన్ను ఆపింది గోడలను మళ్లీ నిలబెట్టిన కథ. 1560లో మతసంస్కరణ వచ్చాక మఠం పాడుబడింది. 1899లో ఆర్గైల్ ప్రభువు దాన్ని ఒక ధర్మకర్తల సంస్థకు అప్పగించాక చర్చి కప్పు మళ్లీ లేచింది. సన్యాసుల గదులూ భోజనశాలా శిథిలాలుగానే ఉండిపోయాయి. గ్లాస్గోలో ఓడలు కట్టే గోవన్ పేటకు పాస్టరుగా ఉన్న జార్జ్ మాక్లౌడ్ 1930ల మాంద్యంలో పనుల్లేక కుంగిపోయిన తాపీవాళ్లనూ వడ్రంగులనూ చూశాడు. 1938లో వాళ్లనూ, చదువు ముగించిన యువ పాస్టర్లనూ కలిపి ఇక్కడికి తీసుకొచ్చాడు. రాళ్లు పేర్చింది మేస్త్రీలు. వాళ్లకు రాళ్లందించే కూలీలు పాస్టర్లు. యుద్ధకాలంలో కలప దొరక్కపోతే, తుపానులో ఒక ఓడ నుంచి సముద్రంలోకి తోసేసిన దూలాలు ఎదురుగా మల్ ఒడ్డుకే కొట్టుకొచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1965కు పని పూర్తయింది. ఆ భోజనశాల గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. కింద మధ్యయుగపు రాయి, పైన 20వ శతాబ్దపు రాయి. అతుకు తెలుస్తుంది. దాచాలని ఎవరూ చూడలేదు.

రాత్రి పాట

జూన్ నెల. రాత్రి పదిన్నరకు కూడా చదువుకునేంత వెలుతురు. పడుకుందామనుకుంటే బయట గడ్డిలోంచి దువ్వెన పళ్ల మీద గోటితో గీసినట్టు చప్పుడు. రెండు గీతలు, ఆగి మళ్లీ రెండు గీతలు. కార్న్‌క్రేక్ అనే పక్షి. నీటికోళ్ల జాతిది. ఆఫ్రికా నుంచి వేసవికి ఇక్కడికొచ్చి ఎదిగిన గడ్డిలో గుడ్లు పెడుతుంది. కోత యంత్రాలొచ్చాక బ్రిటన్‌లో చాలాచోట్ల కనుమరుగైంది. ఇక్కడి రైతులు పిల్లలు ఎదిగేదాకా కోత ఆలస్యం చేస్తారు. గడ్డిలో దాక్కునే ఆ పక్షిని చూసినవాళ్లు తక్కువ, దాని మూలంగా నిద్ర పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

మర్నాడు దక్షిణపు కొసకు నడిచాం. కొలంబా పడవ ఆగిందని చెప్పే తీరం. బురద దారి, జారే బండలు. దీవి పడమటి సగంలోని రాయి రెండు వందల కోట్ల ఏళ్ల పైబడినది. తీరమంతా గుండ్రటి గులకరాళ్లు, వాటి మధ్య అక్కడక్కడ తడిస్తే లేత పచ్చగా మెరిసేవి. యాత్రికులు రెండు రాళ్లు ఏరుకుంటారు. వదిలించుకోవాలనుకున్నది తలుచుకుని ఒకటి సముద్రంలోకి విసిరేస్తారు. రెండోది వెంట తీసుకుపోతారు.

అక్కడ కూర్చుని ఉత్తరం వైపు చూస్తుంటే ఇదే హెబ్రిడీస్ దీవుల వరుసలో ఎక్కడో పైనున్న లూయిస్ గుర్తొచ్చింది. ఆ దీవి రేవు పట్టణం స్టోర్నవేలో 1754 ప్రాంతంలో పుట్టినవాడే కాలిన్ మెకంజీ. మన గ్రామ చరిత్రలైన కైఫీయత్తుల మెకంజీ. 1783లో మద్రాసు చేరి, తర్వాత భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఏలూరివాళ్లయిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయన కోసం ఊరూరూ తిరిగారు. కరణాల కవిలెలు చూసి, శాసనాలు ఎత్తి రాసి, గ్రామాల కథలకు ప్రతులు చేయించారు. 1803లో బొర్రయ్య చిన్నవయసులోనే పోతే తమ్ముడు ఆ పని అందుకున్నాడు. మూల కవిలెలు చాలావరకు చెదపట్టి పోయాయి. మిగిలింది ఆ ప్రతులే. ఇవాళ మన ఊరి చెరువు ఎవరు తవ్వించారో, గుడి ఎప్పుడు కట్టారో తెలుసుకోవాలంటే చాలాచోట్ల వాటినే చూడాలి. మెకంజీ అయోనాకు వచ్చాడో లేదో వెతకలేదు. ఈ సముద్రపు దీవిలో పుట్టిన మనిషి కోసం ఏలూరు అన్నదమ్ములు పల్నాటి పల్లెలో దీపం ముందు కూర్చుని అక్షరం అక్షరం ఎత్తి రాయడం మాత్రం కళ్లకు కట్టింది. గులకరాయి ఒక్కటే ఏరుకున్నాను. విసరడానికి మనసొప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తిరుగుప్రయాణం. వాలు దగ్గర ఎప్పటికంటే ఎక్కువమంది ఊరివాళ్లున్నారు. దీవిలో ఉన్నది చిన్నపిల్లల బడి ఒక్కటే. ఆపై చదువులకు పిల్లలు ఓబన్ వెళ్లి వారమంతా హాస్టల్లో ఉండి వారాంతానికి ఇంటికొస్తారు. పడవ దగ్గరికొచ్చింది. ఇనుప పలక దిగింది. గాలి పెరగడంతో అల పలక మీదికే ఎక్కుతోంది. ముందు ఒక అమ్మాయి, పద్నాలుగేళ్లుంటాయేమో, వీపు మీది పుస్తకాల సంచీ విప్పి నెత్తి మీద పెట్టుకుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అల వెనక్కి తగ్గేదాకా ఆగింది. నాలుగే అడుగుల్లో ఒడ్డెక్కేసింది. మోకాళ్ల దాకా తడిసింది, సంచీ మీద ఒక్క చుక్క పడలేదు.